సముద్రం ఎంత కోస్తుందో తెలీనప్పుడు ఆ ఖర్చు ఎవరిది?

కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. వాయుగుండం పడిందంటే చాలు అలలు రోడ్డెక్కుతాయి, గట్టుకి వేసిన రాళ్ళే దొర్లుకొచ్చి రోడ్డు మీద పడతాయి, బండ్లు ఆపేస్తారు, తుఫాను పోయాక మళ్ళీ అవే రాళ్ళు, మళ్ళీ అదే తారు. 2010 ప్రాంతంలో జియోట్యూబ్ గోడ కూడా కట్టారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల్లాంటివి, అవీ తుఫాన్ల దెబ్బకి చిరిగి కుంగిపోయాయి.

నాణ్యత లేదని తిట్టుకోవచ్చు గానీ అసలు తేడా తీరంలో కట్టే పనులకి ప్లాన్ రాసే దగ్గరే ఉంది. మన తీరం వెంట ఇసుక మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంటుంది, మధ్యలో పోర్టు గోడ లేచినా, పైన గోదావరి డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయినా ఆ లెక్క మారుతుంది, కానీ ఎంత మారుతుందో, ఏ ఊరిని కోస్తుందో పక్కాగా ముందే చెప్పడం ఎవరివల్లా కాదు. 2014లో వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను మళ్ళీ ఏ ఏడు వస్తుందో అసలే తెలీదు. ఆ తెలీదన్న సంగతి మాత్రం ప్లాన్‌లో కనపడదు. తీరం దగ్గర ఏం కట్టొచ్చో చెప్పే 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ జోన్) నోటిఫికేషన్ కూడా హజార్డ్ లైన్‌ని, అంటే కోత, ముంపు ముప్పు ఎందాకా ఉందో చూపే గీతని, విపత్తుల ప్లానింగ్‌కి వాడుకోమంది తప్ప కట్టడాల రూల్స్‌కి ముడిపెట్టలేదు, నాకైతే ఇది చాలా పెద్ద పొరపాటు అనిపిస్తుంది.

అలాగని అన్నీ తేలేదాకా ఏదీ కట్టొద్దు అనట్లేదు, హార్బర్లు కావాలి. వేట నిషేధమే చూడండి, సముద్రంలో చేప ఎంతుందో లెక్క తేలాక పెట్టింది కాదు, గుడ్లు పెట్టే కాలమన్న అంచనాతో పెట్టారు, 2015లో రోజులు పెంచి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 చేశారు, వేట ఆగిన కుటుంబాలకి భృతి కూడా ఇస్తున్నారు. చాలదని మత్స్యకారులు అడుగుతున్నారు, న్యాయమే, కానీ నష్టంలో ప్రభుత్వానికీ వాటా ఉందని ఒప్పుకున్నట్టే కదా.

కోత విషయంలో ఆ పాటి ఒప్పుకోలు కూడా లేదు. మూలపేట, రామాయపట్నం, మచిలీపట్నం పోర్టులకి ఉత్తరం వైపు, అంటే ఇసుక అందకుండా పోయే వైపు, ఊళ్ళ తీరాన్ని ఏటా కొలవాలి, ఆ కొలతలు పంచాయతీ ఆఫీసులో అతికించాలి, ఇన్ని మీటర్లు పోతే ఏం చేస్తారు, ఎవరి డబ్బుతో చేస్తారు అన్నది ముందే పోర్టు ఒప్పందంలో రాయాలి. ఇల్లు సముద్రంలో కలిశాక రేవుకి ఎక్కడో దూరంగా స్థలం పట్టా చేతిలో పెడితే, తెల్లారకుండా వేటకి పోయేవాడు పడవ, వలలు ఎవరి కాపలాలో వదిలి అక్కడ పడుకుంటాడు?