పిన్నీ, అయిదో పాయింట్ చదివావా?

ఇప్పటికి ఏడోసారి. పొద్దున ఫ్యామిలీ గ్రూపులో పిన్ని, మధ్యాహ్నం మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకడు, సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు, అందరిదీ అదే మెసేజ్. "పరీక్షల్లో ఫెయిల్ అనే మాటే ఉండదు! పెద్దలు చెప్పిన 9 రహస్యాలు. మీ పిల్లల మీద ప్రేమ ఉంటే 11 మందికి పంపండి." పైన సరస్వతీదేవి బొమ్మ, కింద క్యూఆర్ కోడ్. ఆరుసార్లు చూసీ చూడనట్టు వదిలేశా. ఏడోసారి మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, సోమవారం పాపకి పేపరుంది కదా, దీని ప్రకారం ఏడున్నరలోపే పంపించెయ్యాలా, లేకపోతే తొమ్మిది దాటాకా?" అని అడిగింది. తొమ్మిది దాటాకట! పరీక్ష మొదలయ్యేదే తొమ్మిదికి. అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదే, చదవండి, మీరు పంపినవన్నీ నేను చదవలేదా.

చిన్నచిన్నవి ముందే అవగొట్టేస్తా. పెరుగు చక్కెర తిని బయల్దేరాలి అంటాడు, తినండి, బావుంటుంది. తూర్పుకి తిరిగి చదవాలి అంటాడు, మా అక్కావాళ్లింట్లో తూర్పుకి తిరిగితే ఎదురుగా టీవీ, ఇంక మీ ఇష్టం. బాసర అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పెన్నుతోనే రాయాలి అంటాడు. ఇంటర్‌కి సరే, రాసుకోవచ్చు. కానీ ఈ మెసేజ్ రాసినాయన "నీట్, ఎంసెట్‌కి కూడా" అని కలిపాడు చూశారూ, ఈయన ఏ కాలంలో ఉన్నాడో అక్కడ తెలిసిపోయింది. నీట్‌లో పెన్ను సెంటర్‌లో వాళ్లే ఇస్తారు. ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అనాలి, నా నోరు తిరగట్లేదు) కంప్యూటర్ మీద, జవాబు పెట్టేది మౌస్‌తో. ఆ మౌస్‌ని ముందు రోజు ఏ గుడికి తీసుకెళ్లాలో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి సార్.

గురుబలానికి కనకపుష్యరాగం ఉంగరం అన్నది కూడా అంతే. నీట్‌కి ఉంగరాలు, గొలుసులు, చెవి పోగులు ఏవీ లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే తీయిస్తారు. వేలు పోసి కొన్న పుష్యరాగం ఆ మూడు గంటలూ బయట వేపచెట్టు కింద నాన్న చొక్కా జేబులో ఉంటుంది. గురుబలం మొత్తం ఆయనకే. అదే నిజమైతే ఆయన్నే కూర్చోబెట్టి రాయించాల్సింది.

"ప్రతి పేజీ పైన చిన్నగా శ్రీరామ అని రాయాలి" అన్నది మాత్రం నవ్వి వదిలేసేది కాదు. స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దేవాళ్లకి ఆ పేపరు ఎవరిదో తెలియకూడదనే కదా పేరూ నంబరూ ఉన్న భాగం వేరు చేసి పంపిస్తారు, పేపరు మీద ఎక్కడా గుర్తులు పెట్టొద్దని ముందే చెప్తారు. అలాంటిది ఒకే మాట పేజీ పేజీకీ పైన కనపడితే దిద్దే ఆయన దాన్ని భక్తి అనుకోవాలా, సిగ్నల్ అనుకోవాలా? రాముడైతే క్షమిస్తాడు, మాల్‌ప్రాక్టీస్ కేసు రాసేవాళ్ల సంగతి నేను చెప్పలేను. మనసులో అనుకోమనండి, ఇంకు కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు రాహుకాలం. "రాహుకాలంలో గడప దాటిన విద్యార్థికి చదివింది గుర్తుండదు" అని ఎర్ర అక్షరాల్లో రాసి, కింద టేబుల్ ఇచ్చాడు. సోమవారం 7:30 నుంచి 9, శనివారం 9 నుంచి 10:30, శుక్రవారం 10:30 నుంచి 12, ఇలా. సరే, ఆయన దారిలోనే పోదాం. రాహుకాలం అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి అందులో ఒక భాగం. ఈ టేబుల్ పొద్దున ఆరింటికి సూర్యుడొచ్చి సాయంత్రం ఆరింటికి పోతాడనుకుని వేసిన లెక్క. మార్చి మొదట్లో హైదరాబాద్‌లో ఆరున్నర దాకా సూర్యుడు రాడు, వైజాగ్‌లో ఇరవై నిమిషాలు ముందే వచ్చేస్తాడు. అంటే హైదరాబాద్‌లో సోమవారం రాహుకాలం ఎనిమిదికి మొదలై తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ఈయన మాట నమ్మి తొమ్మిదీ అయిదుకి గడప దాటినవాడికి పరీక్షా పోయింది, రాహువూ తప్పలేదు. పంచాంగం మీద గౌరవం ఉన్నవాళ్లయినా ఈ మెసేజ్ డిలీట్ చెయ్యాలి కదా!

ఇంకా ఉంది. శనివారం పేపర్ తొమ్మిదికి ఇస్తారు, టేబుల్ ప్రకారం సరిగ్గా రాహుకాలం మొదలైనప్పుడే. శుక్రవారం పేపరైతే చివరి గంటన్నర మొత్తం రాహుకాలమే. నీట్ ఆదివారం, 2025లో మే 4న రెండు నుంచి అయిదు దాకా పెట్టారు, ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి. చివరి అరగంట పిల్లలు పెన్ను కింద పెట్టేసి కళ్లు మూసుకోవాలా? రాష్ట్రంలో ఇంటర్ రాసే లక్షల మందికీ అదే శనివారం, అదే రాహువు. పక్కపక్క బెంచీల్లో ఒకడికి 96, ఒకడికి 31. రాహువు బెంచీలు చూసుకుని పట్టుకుంటున్నాడా ఏంటి?

వెటకారం ఎందుకు చేస్తున్నానంటే, ఒకటి చూశా. ఇంటర్‌కి ఒక్క నిమిషం లేటైనా లోపలికి రానివ్వని రూల్ గట్టిగా ఉన్న రోజులు (తెలంగాణలో 2024లో అయిదు నిమిషాల గ్రేస్ ఇచ్చారు గానీ అప్పుడు అదీ లేదు). మా పక్కింటి అబ్బాయిని సెంటర్ దగ్గర దింపి టీ తాగుతున్నా. గేటు మూసేశాక ఒక స్కూటర్ వచ్చింది. హ్యాండిల్‌కి కొత్త నిమ్మకాయ, నాన్న నుదుట కుంకుమ, వెనక పిల్లాడు ప్యాడ్ గుండెకి హత్తుకుని. దిగి పరిగెత్తాడు. ప్లాస్టిక్ కవర్‌లో హాల్ టికెట్, దాని మీద ఫొటోకి కూడా బొట్టు పెట్టారు. కానిస్టేబుల్ లేదంటే లేదన్నాడు. నాన్న "మూడు నిమిషాలే సార్, మూడు నిమిషాలే" అంటూనే ఉన్నాడు. కాసేపటికి అదే టీ కొట్టు దగ్గరకొచ్చి కూలబడ్డాడు. ట్రాఫిక్కా అని అడిగా. కాదట, దుర్ముహూర్తం అయ్యేదాకా ఆగారట. "రెడీ అయ్యే ఉన్నామండీ, బూట్లు వేసుకుని ఇరవై నిమిషాలు సోఫాలో కూర్చున్నాం" అన్నాడు. పిల్లాడు ఏమీ అనలేదు, ప్యాడ్ క్లిప్పు ఎత్తడం వదలడం, ఎత్తడం వదలడం, టక్ టక్ మని ఆ చప్పుడొక్కటే. వాడు చదివాడో లేదో నాకు తెలీదు, ఆ నాన్న చెడ్డవాడు అస్సలు కాదు. ఇలాంటి ముక్క ఎవరో ప్రేమగానే పంపి ఉంటారు ఆయనకి.

ఎనిమిదోది, జాతకంలో బుధుడు నీచలో ఉంటే లెక్కలు రావు, ఎంపీసీ ఇప్పించొద్దు అని. ఇది మా ఇంట్లో జరిగిందే. మా చిన్నాన్న కూతురికి టెన్త్‌లో లెక్కల్లో మంచి మార్కులు, ఒకాయన జాతకం చూసి మీనంలో బుధుడన్నాడు (బుధుడికి నీచ అంటే అదేనట), తీసుకెళ్లి సీఈసీలో పడేశారు. సీఈసీ తక్కువదని కాదు, ఆ పిల్ల అడగలేదు కదా ఆ గ్రూపు. ఇప్పటికీ కిరాణా కొట్టు బిల్లు కూడా తను చూడదు, "నాకు బుధుడు బాలేదులే" అని నవ్వుతూ మొగుడి చేతికి ఇచ్చేస్తుంది. నవ్వుతూనే. బుధుడు సూర్యుణ్ణి వదిలి దూరం పోడు కాబట్టి ఏటా దాదాపు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో కొన్ని వారాల పాటు మీనంలో ఉంటాడు, ఆ వారాల్లో దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలందరికీ ఎక్కాలు రావా? 1879 మార్చి 14న పుట్టిన ఒకాయనకి కూడా మన లెక్కలో బుధుడు మీనంలోనే, నీచలోనే. పేరు ఐన్‌స్టీన్. ఇది చెప్తే వెంటనే వచ్చే జవాబు కూడా నాకు తెలుసు, "ఆయనకి నీచభంగ రాజయోగం ఉందండీ", అంటే ఆ నీచ రద్దయిపోయే యోగమట. అంటే లెక్కలొస్తే భంగం, రాకపోతే నీచ. దీనికంటే చిలక జోస్యం నయం, చిలకైనా ఒక కార్డు తీసి దాని మీదే నిలబడుతుంది.

ఇక తొమ్మిదోది, క్యూఆర్ కోడ్ ఎందుకుందో చెప్పేది. "ఇవన్నీ పాటించినా ఫెయిల్ అయితే అది విద్యాదోషం, 2,116 రూపాయలతో పరిహార పూజ." పాసైతే వీళ్ల రహస్యం, ఫెయిలైతే మన పిల్లల దోషం. 2019 ఏప్రిల్ గుర్తుందా? తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ తప్పుల తడకగా వచ్చాయి, చచ్చిపోయిన పిల్లలు ఇరవై మందికి తగ్గరు, తర్వాత ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు పిల్లల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసని తేలింది. మార్కుల్లో తప్పు జరిగితే ఏ గ్రహానికి పూజ చేయిస్తారు? ఫెయిలైన పిల్లకి ఆ సాయంత్రం ఇంట్లో కావాల్సింది రీవెరిఫికేషన్‌కి ఆఖరి తేదీ ఎప్పుడో చూసేవాళ్లు, సప్లిమెంటరీ ఉందిలే అన్నం తిను అనేవాళ్లు. మరీ భయమేస్తే 14416, టెలిమానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. నీలో దోషం ఉందని చెప్పే మనిషి ఆ సాయంత్రం ఇంట్లో ఉండకూడదు, డబ్బు తీసుకునైనా, ఊరికేనైనా.

మరి నువ్వేం తక్కువ తిన్నావా అని మా అక్క అంటుంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటా. ఎంసెట్ ముందు రోజు నేను చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేశా. కాళ్లు కాలుతున్నా చేశా. అంతకుముందు నాలుగు రాత్రులు నిద్రపట్టనివాడిని ఆ రాత్రి మొద్దులా పడుకున్నా. బాలాజీ చేశాడో, ఎండలో నడక చేసిందో, పుస్తకం లేకుండా ఒక పూట గడపడం చేసిందో నాకు తెలీదు, పనిచేసిన మాట నిజం. ర్యాంక్ వచ్చాక 108 చెయ్యాలి, నలభై దగ్గర వాన పడి ఆపేశా, మిగతావి ఇప్పటికీ బాకీయే. అందుకని గుడికి వెళ్లొద్దని నేననను, హాయిగా వెళ్లండి. కానీ అక్కడ హుండీ కూడా లేదు, చూశారా? మీ మెసేజ్‌కి మాత్రం క్యూఆర్ కోడ్ ఉంది.

అయిదో పాయింట్ వదిలేశాననుకుంటున్నారా, కావాలనే చివరికి ఉంచా. "బయల్దేరేటప్పుడు నల్ల పిల్లి, ఒంటి బ్రాహ్మణుడు, విధవ ఎదురైతే వెనక్కొచ్చి నీళ్లు తాగి కూర్చోవాలి." పిన్నీ, బాబాయ్ పోయి మూడేళ్లు. ఇది పంపింది నువ్వు. రాత్రి ఫోన్ చేసి అడిగా, మొత్తం చదివావా అని. "మొత్తం ఎవడు చదువుతాడ్రా, అమ్మవారి బొమ్మ ఉందని పంపించా" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పాపకి నాలుగో ఏడు నుంచి అన్నం పెట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది ఆవిడ. పోయిన ఏడాది ఫస్టియర్ పరీక్షలప్పుడు పొద్దున పూట పాప వెళ్లిపోయేదాకా వంటింట్లోంచి ఎందుకు బయటికి రాలేదో నాకు రాత్రే అర్థమయింది, అంట్లు తోముతోందనుకున్నాం అందరం.

సోమవారం పాపని నేనే తీసుకెళ్తున్నా. సెంటర్ ఇరవై నిమిషాల దూరం, ఎనిమిదికి బయల్దేరతాం, హైదరాబాద్ లెక్కలో సరిగ్గా రాహుకాలం మొదలయ్యే టైముకి. పిన్ని కింద గేటు దగ్గర గిన్నెతో ఎదురు రావాలని చెప్పా. చాలాసేపు వద్దంది, పాప ఫోన్ లాక్కుని ఏదో చెప్పాక సరేనంది, కాకపోతే పెరుగులో చక్కెర కాదు, బెల్లం వేస్తుందట.