వెన్న లెక్క దాచకూడదు

సంక్రాంతికి బరంపురంలో మన సంఘం జరిపిన వంటల పోటీలో, వేడిగాలితో వండే ఎయిర్ ఫ్రయర్‌లో చేసిన పొరల బిస్కెట్లను ‘నూనె లేని వంటలు’ అని రాసిన బల్ల మీద పెట్టారు. ఒకటి విప్పి రుచి చూసిన పెద్దావిడ ఒకరు, చేసిన అమ్మాయితో, "వేళ్లకింత జిడ్డు అంటుతోంటే నూనె లేదంటారేమిటమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అక్కడ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. చక్కెర జబ్బుకు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు ఆ బల్ల దగ్గరే ధైర్యంగా రెండేసి తీసుకోవడం కళ్లారా చూశాను కనుక, దీన్ని చిన్న విషయమని వదిలేయలేకపోతున్నాను.

అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునే కరకరలాడే బిస్కెట్ కాదు. మైదా, చల్లని వెన్న, బేకింగ్ పౌడర్, చిక్కని మజ్జిగ కలిపి చేసే మెత్తని చిన్న రొట్టె. అక్కడి నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు నేర్పగా, ఓవెన్ లేని మన ఇళ్లలోకి అది ఎయిర్ ఫ్రయర్ ద్వారా వచ్చింది. రావడం నాకు సంతోషమే. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊళ్లో, పూరీ ఖజా, తాపేశ్వరం మడత కాజా రెండూ ఎరిగిన వాళ్లకు పొరల పని కొత్తేమీ కాదు. పొరకూ పొరకూ మధ్య కొవ్వు నిలిస్తేనే అవి అతుక్కోకుండా విడివిడిగా లేస్తాయని కాజా చుట్టిన ప్రతి చేతికీ తెలుసు.

బిస్కెట్టులో ఆ కొవ్వు గట్టిగా, చల్లగా ఉండాలి. వెన్నలో ఇంచుమించు 80 శాతం కొవ్వు, 16 శాతం నీరు ఉంటాయి. వేడి తగలగానే ఆ నీరు ఆవిరై పొరలను పైకి నెడుతుంది, కరిగిన కొవ్వు వాటిని విడదీసి ఉంచుతుంది. నీరు లేని నెయ్యితో ఆ పొంగు రాదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కనుక మన వైశాఖ మాసపు మధ్యాహ్నం వంటింట్లో ఈ పని సాగదు. మొదటిసారి నేను అలాగే చేశాను. పిండిలో వెన్న ముక్కలు కనబడకుండా కలిసిపోయి, ఒక్క పొరైనా లేవలేదు, బుట్ట అడుగున కారిన వెన్న మాడి ఇల్లంతా పొగ నిండింది. ఇప్పుడు తెల్లవారుజామునే, మైదాను, గిన్నెను కూడా ఫ్రిజ్‌లో ఉంచి తీసి మొదలుపెడుతున్నాను. వెన్నను శనగగింజంత ముక్కలుగా విరిచి, పలచని మజ్జిగ కాకుండా కొద్దిగా నీళ్లు పోసి చిలికిన గడ్డపెరుగుతో పిండిని పిసకకుండా దగ్గరకు చేర్చి, ఒత్తి, మూడు మడతలు వేస్తాను. అలా మూడుసార్లు మడిస్తే 27 పొరలు. గ్లాసుతో కోసేటప్పుడు మెలితిప్పకూడదు, తిప్పితే అంచులు మూసుకుపోతాయి.

యంత్రం విషయానికి వస్తే, అది పైన వేడి తీగ, దాని మీద పంఖా ఉన్న చిన్న ఓవెన్, అంతే. 2010లో ఫిలిప్స్ దీన్ని బెర్లిన్‌లో ప్రదర్శించినప్పటి నుంచీ నూనెలో మునగనక్కర్లేని వేపుడు అన్న పేరే ప్రచారమైంది. బంగాళాదుంప ముక్కల విషయంలో ఆ మాట సబబే. బిస్కెట్టు మాత్రం మామూలుగా నూనెలో వేయించేది కాదు. కనుక యంత్రం తగ్గించిన నూనె ఇందులో ఏమీ లేదు, పిండిలో కలిసిన వెన్న ఎక్కడికీ పోదు. నా యంత్రంతో వచ్చిన పుస్తకంలో 200 డిగ్రీలని ఉంది; పైన నల్లబడి లోపల పచ్చిగా మిగిలింది. 165 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు, మధ్య మధ్య ఖాళీ వదిలి పెడితే చక్కగా వస్తాయి. కింద వేసే కాగితం మీద బరువు లేకపోతే అది ఎగిరి తీగకు అంటుకునే ప్రమాదం ఉంది కనుక ఖాళీ బుట్టలో కాగితం వేసి వేడి చేయవద్దు.

వచ్చే పోటీకి నిర్వాహకులను నేను కోరేది ఒక్కటే. పొరల వంటకం ఏదైనా సరే, దాని ముందు వెన్నో నెయ్యో ఎన్ని గ్రాములు పడిందో చీటీ మీద రాయించండి, దాన్ని నూనె లేని వంటల బల్ల మీద పెట్టవద్దు. నా చీటీ ఇప్పుడే రాసి ఉంచాను: మైదా 250 గ్రాములు, వెన్న 90 గ్రాములు, బిస్కెట్లు 8, ఒక్కోదానిలో వెన్న సుమారు 11 గ్రాములు. దాన్ని మడత కాజాల పళ్లెం పక్కనే పెడతాను.