కుక్కే కదా!

మంగళవారం తెల్లవారుజామున కుక్క చచ్చింది. శుక్రవారం రాత్రి అదే వీధిలో రెండిళ్ల తాళాలు పగిలాయి. పోలీస్ స్టేషన్ పుస్తకంలో మాత్రం నేరం శుక్రవారమే మొదలైంది. బెంగళూరు తూర్పు కొసన, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఒక లేఔట్‌లో గత వారం జరిగిన ఈ వ్యవహారం పాఠకులకు తెలిసిందే. ప్రహరీ మీదుగా లోపలికి పడిన విషం పొట్లం, దాని వాసన చూస్తున్న కుక్క ఉన్న సీసీ కెమెరా దృశ్యం ఇప్పటికే చాలా ఫోన్లలో తిరిగింది. ఆ దృశ్యం కంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది, ఆ దృశ్యం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లిన, ఆ కుక్కను పెంచుకున్న కుటుంబానికి దొరికిన జవాబు. ‘నాయి తానే, బిడి సార్’ అన్నారట. కుక్కే కదా, వదిలేయండి అని.

వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టినా, చంపినా అయిదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో పది రూపాయల జంతువుకు ఒక సెక్షన్, యాభై రూపాయల జంతువుకు ఇంకొక సెక్షన్ ఉండేవి. ముందు కుక్క ఖరీదు తేల్చి, ఆ తర్వాత నేరం తేల్చాలన్న మాట. కొత్త చట్టం ఆ బేరం ఎత్తేసింది. పైగా ఇది కాగ్నిజబుల్ నేరం, పోలీసులు ఎవరి అనుమతీ అడగకుండా దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. అలాంటి నేరం తమ దృష్టికి వస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులోనే చెప్పింది. ఆ కుటుంబం చేతికి వచ్చింది ఎన్‌సీఆర్. అంటే, ఇది మేము దర్యాప్తు చేయాల్సిన నేరం కాదని రాసిచ్చిన చీటీ.

కొత్త విధానంలో ఇలాంటి నేరాలకు, పై అధికారి అనుమతి ఉంటే, 14 రోజుల ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు ఉంది. రేపు ఎవరైనా గట్టిగా నిలదీస్తే దాని చాటున దాక్కుంటారని మా అనుమానం. చచ్చిన కుక్క 14 రోజులు ఆగుతుందా? వెంటనే శవపరీక్ష జరగాలి. కడుపులోదీ, కాలేయం ముక్కా సీసాల్లో పెట్టి సీలు వేయాలి. పోలీసు లేఖతో మడివాళ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. ఇంటాయన సంచిలో వేసుకుని పట్టుకెళ్తే కోర్టులో అది నిలవదు. ఎఫ్ఐఆర్ లేదు గనుక లేఖ లేదు. లేఖ లేదు గనుక పరీక్ష లేదు. ఇక విషమని రుజువేదీ అని అదే స్టేషన్ అడుగుతోంది. ఇంతకంటే సుఖమైన దర్యాప్తు ఉండదు.

రాత్రంతా మొరిగే కుక్కలతో నిద్రపట్టని ఇరుగుపొరుగు ఉన్నారు, కాట్లు తిన్న పిల్లలున్నారు, పెద్ద కేసులతోనే తలమునకలై ఉన్న స్టేషన్లూ ఉన్నాయి. నిజమే. విషం ముద్దతో వీటిలో ఏ ఒక్కటీ తీరదు.

కుక్కే కదా అన్న మాట దొంగకు కూడా వినబడుతుంది. ముద్ద విసరడం వాడికి ఖర్చు లేని పరీక్ష. పోలీసు బండి వచ్చిందా, కెమెరా ఎవరైనా చూశారా, వీధి లేచిందా, లేక కుక్కను పూడ్చి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారా? మూడు రోజుల్లో జవాబు దొరికింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ కుక్క ముందే మొరిగింది, ఆ మొరిగినందుకే ప్రాణం పోగొట్టుకుంది. ఆరు నెలల లెక్క మనుషులకు మిగిలింది. ఈసారి కుక్కే కదా అని చీటీ రాసిచ్చిన స్టేషన్, రేపు పక్క లేఔట్‌లో పడే ముద్దకు ఏ మొహంతో ఎఫ్ఐఆర్ రాస్తుంది?

ఈ మాట స్టేషన్‌లో పుట్టిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అది మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పుట్టి పెరిగింది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చిన రోజుల్లో ‘ఏదో ఒకటి కలిపి పెట్టేస్తే పీడ విరగడవుతుంది’ అని ఎంతమంది రాశారు? కింద బొటనవేలు గుర్తులు ఎంతమంది పెట్టారు? కోర్టు 11న పట్టి షెల్టర్లకు తరలించమంది. 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. ఎక్కడా విషం పెట్టమనలేదు. 2023లో బెంగళూరు నగర పాలికె లెక్కపెడితే ఈ నగరంలో వీధి కుక్కలు 2.79 లక్షలు తేలాయి. అన్నిటికీ ముద్దలు కలుపుతారా?

మొన్నటి లేఔట్‌లోనే ఆరు నెలల కిందట నాలుగు వీధి కుక్కలు ఒకే రాత్రి నురగలు కక్కి చచ్చాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చెత్త బండిలో వేసి పంపించారు. అప్పుడు హమ్మయ్య అనుకున్నవాళ్లలో ఇప్పుడు తాళాలు పగిలిన ఇంటివాళ్లు ఉన్నారా అని మేము అడగబోవడం లేదు. అడగకుండా ఉండటం కష్టంగానే ఉంది. వీధి కుక్కకు పెట్టినప్పుడు కుక్కే కదా అన్నవాళ్లు, పట్టీ కట్టిన కుక్క చచ్చేసరికి కొవ్వొత్తులు పట్టుకుని నిలబడితే స్టేషన్ ఎందుకు నమ్ముతుంది? విషం మెడలో పట్టీ ఉందో లేదో చూసుకోదు. ఎదురుగా ఉన్నది కుక్కా, పసివాడా అని కూడా చూసుకోదు. పొట్లం పడిన చోటికి రెండడుగుల దూరంలో మూడు చక్రాల సైకిల్ ఉంది. కెమెరాలో అదీ కనిపిస్తోంది.

ఇక ఆ విషం ఎక్కడ దొరుకుతుందంటే, ఎలకల మందు మూల మీది కిరాణా కొట్లో. ఎవరికి, ఎందుకు అని అడిగే నాథుడు లేడు. గుళికల మందుల్లో ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత నిల్వలు ఎవరి అటక మీద ఉన్నాయో ఎవరు చూడొచ్చారు? జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికని 1960లో చేసిన చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బెంగళూరులో ఆ డబ్బుకు కొబ్బరి బోండాం కూడా రావడం లేదు. శిక్ష పెంచుతామని కేంద్రం 2022లో ముసాయిదా విడుదల చేసింది. అది ఇంకా ముసాయిదాగానే ఉంది.

కుక్కను పెంచేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. రాత్రి గేటు పక్కన గొలుసుకు కట్టేసి మీరు లోపల ఏసీలో పడుకుంటే, సంక్రాంతికి అనంతపురమో చిత్తూరో వెళ్తూ నాలుగు మెతుకులు పడేయమని వాచ్‌మన్‌కు చెప్పిపోతే, మీరు దాన్ని దొంగకు ఎదురుగా ఒంటరిగా నిలబెట్టినట్టే. రాత్రి లోపల పడుకోబెట్టండి. పరాయి చేతి తిండి ముట్టకుండా అలవాటు చేయండి. పొద్దున్నే దాన్ని వదిలే ముందు ప్రహరీ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. చొంగ కారుతూ, ఒళ్లు వణుకుతూ, కంటిపాప చుక్కంత అయిందంటే పురుగుమందు పడిందని అనుమానించాలి. చింతపండు రసం పోసి ఎదురుచూసే వేళ కాదు అది. ఆలస్యం లేకుండా డాక్టరు అట్రోపిన్ ఇస్తే బతికే అవకాశం ఉంది. కక్కినదాన్ని కడగకండి, శుభ్రమైన డబ్బాలో ఎత్తి వెంట తీసుకెళ్లండి. కొన్ని రకాల ఎలకల మందులైతే మూడు నాలుగు రోజులకు గానీ బయటపడవు, ఈలోగా కుక్క మామూలుగానే తిరుగుతుంది.

ఎఫ్ఐఆర్ రాయకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి అని చట్టం దారి చూపుతోంది. ఆ కుటుంబాన్ని ఆ మెట్లన్నీ ఎక్కించాల్సిన అవసరం ఏమిటి? శుక్రవారం దొంగతనాలకు ఎఫ్ఐఆర్ రాసిన చేత్తోనే మంగళవారం నేరానికీ రాయండి. రెండు రోజుల కెమెరా దృశ్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పూడ్చిన కుక్కను బయటికి తీసి శవపరీక్ష చేయించండి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఖాళీ సైట్‌లో, వేపచెట్టు కింద ఉందది. మీ హొయ్సళ గస్తీ బండి రోజూ రాత్రి ఆ సైట్ పక్కనుంచే వెళ్తోంది.