కాగితం లేని అద్దానికి పాయింట్లు కొయ్యాల్సిందే

పాత కార్ల షోల్లో జడ్జీలు మరీ చాదస్తంగా తయారయ్యారని, ఎనభై తొంభై ఏళ్ల కిందటి స్పాట్‌లైట్ పెట్టుకున్నా కూడా ఒరిజినల్ కాదని పాయింట్లు కోసేస్తున్నారని కొంతమంది ఓనర్లు ఒకటే గోల. నేను మాత్రం జడ్జీల పక్షం. అసలు నా బాధల్లా వాళ్లు చాలా మెతగ్గా ఉన్నారనే.

తెలియనివాళ్ల కోసం ముందు రూల్ చెప్పుకుందాం. ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా అని 1935 నుంచి ఉంది, 25 ఏళ్లు దాటిన బండిని ఆంటిక్ అంటారు, జడ్జింగ్ 400 పాయింట్ల లెక్క, తప్పులు కనిపించేకొద్దీ అందులోంచి కోసుకుంటూ వస్తారు. డీలర్ ఆ బండిని కస్టమర్‌కి అప్పగించే రోజు ఎలా రెడీ చేసి ఇవ్వగలిగేవాడో బండి అలా ఉండాలి, అంతే. ఆ ఏడాది ఫ్యాక్టరీ కేటలాగ్‌లోనో పార్ట్స్ బుక్‌లోనో సేల్స్ బ్రోచర్‌లోనో ఉన్న యాక్సెసరీ అయితే ఇబ్బంది లేదు, లేకపోతే కోత. ఉందని రుజువు చూపించుకోవాల్సింది కూడా ఓనరే. అంటే బండి జీవితంలో పవిత్రమైన టైమ్ ఒక ఐదు నిమిషాలు, తాళాలు ఇంకా డీలర్ చేతిలోనే ఉన్న ఆ ఐదు నిమిషాలు. ఆ తర్వాత కొన్నవాడు వచ్చి డోర్ తీశాడు, అక్కడి నుంచి జరిగిందంతా మైలే.

ఫోర్డ్ మోడల్ టీ సంగతే చూడండి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర బండ్లు చేశారు, పెట్రోల్ ఎంతుందో చూపించే మీటర్ లేదు, చాలా బండ్లలో ముందు సీటు కుషన్ ఎత్తి ట్యాంకులో కర్ర ముంచి చూసుకోవాల్సిందే. మొదట్లో వచ్చిన కొన్ని బండ్లు తప్పిస్తే వాటర్ పంప్ లేదు. కాలితో తొక్కే యాక్సిలరేటర్ లేదు, స్టీరింగ్ కింద ఉండే లివర్‌ని చేత్తో జరపాలి. బ్రేక్ పెడల్ తొక్కితే అది పట్టుకునేది చక్రాలని కాదు, గేర్‌బాక్స్ లోపలున్న డ్రమ్ముని. హెన్రీ ఫోర్డ్ గారు ఏది ఇవ్వలేదో అదల్లా బయట కంపెనీలు తయారుచేసి అమ్మాయి, జనం కొనుక్కున్నారు, ఇంజిన్ వేడి చూసుకోడానికి రేడియేటర్ మూత మీద బాయ్స్ మోటోమీటర్, వాటర్ పంపులు, కాలి యాక్సిలరేటర్లు, వెనక చక్రాలకి రాకీ మౌంటెన్ బ్రేకులు. మరి జడ్జి ఏం చెయ్యాలి? రక్స్‌టెల్ అని రెండు స్పీడుల వెనక యాక్సిల్ ఒకటుండేది, గుట్టలెక్కడానికి భలే పనికొచ్చేది, దాన్ని ఫోర్డ్ డీలర్లే అమ్మారు కాబట్టి ఎక్కడో ఒకచోట కాగితం దొరుకుతుంది. ఎక్కిన గుట్ట దిగేటప్పుడు బండిని ఆపే రాకీ మౌంటెన్ బ్రేకులకి మాత్రం ఫోర్డ్ కాగితం లేదు. కాబట్టి రూల్ ప్రకారం ఎక్కడం ఒరిజినల్, ఆగడం ఒరిజినల్ కాదు. ఇందులో నాకైతే తప్పేం కనిపించలేదు, గుట్టలు దిగమని డీలర్ ఎవరికీ చెప్పలేదు కదా.

ఇంకో నేరస్తుడు పాల్ గాల్విన్. 1930లో ఈయన తన స్టూడిబేకర్ కార్లో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో కంపెనీల సమావేశం జరుగుతుంటే ఆ బయటే కారు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకి పాటలు వినిపించి ఆర్డర్లు పట్టాడు, మోటరోలా అన్న పేరు అలా మొదలైంది. కార్ రేడియో చరిత్రలో అంత పేరున్న ఆ బండే ఇవాళ షో ఫీల్డ్‌లోకి వస్తే? స్టూడిబేకర్ కేటలాగ్‌లో ఆ రేడియో ఏదీ అని అడగాలి, కొయ్యాలి. చరిత్ర సృష్టించినంత మాత్రాన పార్ట్ నంబర్ వచ్చేస్తుందా ఏంటి.

ఇక ఫైలు గొడవ. జడ్జి వంగి పక్క అద్దం బిగించిన క్లాంపు చూస్తాడు, క్లిప్‌బోర్డు మీద పెన్ను ఆగుతుంది. ఓనర్ దీనికోసమే కాచుకున్నట్టు సీటు మీంచి లావుపాటి ఫైలు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న బ్రోచర్ పేజీ చూపిస్తాడు, అద్దం ఉంది, క్లాంపూ ఉంది, స్క్రూ తల కూడా అదే. జడ్జి పేజీ కింద చిన్నక్షరాలు చదివి నెమ్మదిగా అంటాడు, "సార్, ఇది 1931 బ్రోచర్, మీ బండి 1930ది." అయిపోయింది. ఆ అద్దం 1930లోనే, డీలర్ షాపుకి ఎదురుగా ఉన్న కొట్లో, బండి కొన్న రోజే కొనిందైనా సరే, రోడ్డు దాటింది కాబట్టి పనికిరాదు. అదే కేటలాగ్‌లో ఉన్న అద్దానికి అచ్చు గుద్దినట్టు నకలు పోయిన నెల తయారుచేయించి బిగించుకోండి, నిక్షేపంగా చెల్లుతుంది. వయసున్న వస్తువు నకిలీ, వయసు లేనిది అసలు. ఇది అర్థం కాకపోతే మీరింకా ఈ హాబీకి కొత్త అన్నమాట.

పెయింట్ విషయంలో కూడా ఇంతే. ఫ్యాక్టరీ కలలో కూడా వెయ్యలేనంత నున్నటి పెయింట్ వేయించి, క్రోమ్ మీద క్రోమ్ పూయించి తెస్తే దానికి అదనంగా పాయింట్లేం ఇవ్వరు, అదొక్కటే శిక్ష. (లేదు లేదు మా బండి రోడ్డు మీద తిరగాలి అనేవాళ్లకి వేరే క్లాసు ఉంది, అక్కడ రూల్స్ కాస్త వదులు, కానీ బండిని నడిపేవాళ్ల గురించి ఇక్కడ మాట్లాడుకోవడం మర్యాద కాదు.)

నాకు ఒక్కచోటే మింగుడుపడట్లేదు. జడ్జింగ్‌కి వచ్చే ప్రతి బండి దగ్గరా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కనపడేలా పెట్టాలట, తప్పనిసరి! ఎర్రగా నిగనిగలాడే కొత్త సిలిండర్, ఏ కేటలాగ్‌లోనూ లేదు, 1914 మోడల్ బండి పక్కన నిలబడి ఉంటుంది, దానికి మాత్రం కోత లేదు. ఇదెక్కడి న్యాయం? బండి అంటుకుంటే అంటుకోనీ, కనీసం ఒరిజినల్‌గా కాలుతుంది.

కాబట్టి కమిటీ ముందు ఒక సవరణ పెడుతున్నా. బ్రోచర్‌లో కనిపించిందల్లా చెల్లుతుంది అన్నప్పుడు బ్రోచర్ బొమ్మ మొత్తం చూడాలి కదా. ఆ రోజుల బొమ్మల్లో స్టీరింగ్ దగ్గర టోపీ పెట్టుకున్న దొరసాని ఉంటుంది, వెనక సీట్లో బుద్ధిగా కూర్చున్న కుక్క ఉంటుంది, అంటే కుక్కకి కాగితం ఉన్నట్టే, తెచ్చుకోవచ్చు, జాతీ రంగూ బొమ్మతో సరిపోతే చాలు. కానీ నిక్కరు, రబ్బరు చెప్పులు, క్లబ్బు టోపీతో బండి పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి ఏ ఏడాది బ్రోచర్‌లోనూ లేడు. ఆయనకి ఎన్ని పాయింట్లు కొయ్యాలో, ఎక్స్‌టీరియర్ కింద కొయ్యాలో ఇంటీరియర్ కింద కొయ్యాలో కమిటీయే తేల్చాలి.