సఖినేటిపల్లి రేవులో పండుగప్ప

ఇది రాస్తున్న సమయానికి నా బొటనవేలికి కట్టు ఉంది. వంటింటి మూల గోనెపట్టా కింద ఒక చక్రకేళి గెల మగ్గుతోంది. రెండూ మొన్న ఆదివారం సంపాదనే.

అసలు సంగతి గబగబా చెప్పేస్తాను. చిన్నప్పటి నుంచీ నాకు గాలం అంటే పిచ్చి. వెదురు కర్ర, తంగూసు, నెమలీక బెండు, కొబ్బరిచిప్పలో నాలుగు వానపాములు ఉంటే చాలు, కాలవగట్టు మీద పూట గడిచిపోయేది. ఈ ఎండాకాలం కాలవలు కట్టేశారు. నాకేమో పని లేదు, చేతిలో ఫోనుంది. వీడియోలు చూశాను. చూసిన పాపానికి ఏడడుగుల రాడ్, దారం చుట్టుకునే బైట్‌కాస్టర్ రీలు, 150 గజాల అల్లిక దారం, చేపపిల్లలాంటి ప్లాస్టిక్ ఎర, అన్నీ కలిపి 7,400 రూపాయలకి తెప్పించాను. ఇంట్లో 2,400 అని చెప్పాను.

కొనేటప్పుడు మాత్రం బుర్ర పెట్టే కొన్నానండీ. గురి పండుగప్ప చేప మీద. దాని చెంపల అంచు బ్లేడులా ఉంటుంది, మామూలు దారమైతే పుటుక్కున తెగుతుంది. అందుకని చివర రెండడుగులు మందపాటి తంగూసు ముడేశాను. రాడ్ కూడా కొస మాత్రమే వంగి, మొదలు గట్టిగా ఉండేది తీసుకున్నాను, నోట్లో గాలం దిగాలంటే అలాంటిదే కావాలి. రాడ్ మీద 10 నుంచి 30 గ్రాముల ఎర వాడమని రాసి ఉంటే, ఎరని మా వీధి బంగారం కొట్టుకి పట్టుకెళ్లి తూయించాను కూడా. 18 గ్రాములు. కొట్టాయన తరుగు ఎంత తియ్యమంటారని అడిగాడు.

తేడా కొట్టింది రీలు దగ్గర. నేను కుడిచేతి పిడి అడిగితే ఎడమచేతి పిడి వచ్చింది. గొడుగులా కిందకి వేలాడే మామూలు స్పిన్నింగ్ రీలైతే పిడి విప్పి అటుది ఇటు పెట్టుకోవచ్చు. ఈ బైట్‌కాస్టర్‌కి ఆ సదుపాయం లేదు, పుట్టిన చెయ్యే దానికి చెయ్యి. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే పద్నాలుగు నిమిషాలు సన్నాయి వినిపించి, ఆ తరవాత ఒక కుర్రాడు, "సార్, కుడిచేత్తో రాడ్ పట్టుకుని ఎడమచేత్తో తిప్పండి సార్, చాలామంది అలాగే తిప్పుతారు" అన్నాడు. నా ఒళ్లు మండింది అతను అబద్ధం చెప్పినందుకు కాదు. నిజంగానే చాలామంది అలాగే తిప్పుతారు. వెనక్కి తీసుకోవాలంటే దారం చుట్టకుండా పంపాలట. దారం చుట్టకుండా రీలు ఏ చేతిదో చూసుకోవాలని నాకేం తెలుసు?

సరే. ఆదివారం పొద్దున్న ఏడింటికి సఖినేటిపల్లి రేవులో ఉన్నాం. నేనూ, మా బావమరిదీ. వద్దన్నా వచ్చాడు. ఎదురుగా నరసాపురం, మధ్యలో వశిష్ఠ గోదావరి. వేసవిలో పైనుంచి నీళ్లు రావు కాబట్టి సముద్రపు పోటు రేవుదాకా దర్జాగా ఎక్కేస్తుంది. ఆ పోటుతోపాటే పండుగప్ప వస్తుందని నా లెక్క.

ఇక్కడ రెండు ముక్కలు రీలు గురించి చెప్పాలి, లేకపోతే నా తప్పు నాకొక్కడికే మిగిలిపోతుంది. ఈ రీల్లో దారం చుట్టిన ఉండే గిర్రున తిరుగుతుంది. ఎర గాల్లో నెమ్మదించినా ఉండ నెమ్మదించదు, అత్తారింటికి బయల్దేరిన బావమరిదిలాగ. దాన్ని ఆపడానికి పక్కన ఒక బ్రేకు, పైన మన బొటనవేలు. కొత్తవాళ్లు బ్రేకు నిండా బిగించుకోవాలి. నేను బిగించే ఉంచాను. మావాడు చూసి, "బ్రేకేసుకుని బండి తోల్తారా బావగారూ ఎవరైనా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నేను బ్రేకు వదులు చేశాను.

ఇంకోటి డ్రాగ్. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగకుండా, ఆ దారపు ఉండని కాస్త జారనిచ్చే చక్రం అది. దాన్ని నేను ఆఖరిదాకా బిగించేశాను. గట్టిగా ఉంటే మంచిదని మా వంశంలో ఒక నమ్మకం. మా ఇంట్లో ఊరగాయ జాడీ మూత తియ్యాలంటే పక్కింటాయన రావాలి.

విసిరాను.

వీడియోలో కుయ్ మంటుంది. నాది గర్ర్ మంది. చూద్దును కదా, రీలు మీద దారం గిజిగాడి గూడులా పైకి లేచిపోయింది. ఎర మాత్రం, అంతవరకు ఎంత వెళ్లాలో అంత బ్రహ్మాండంగా వెళ్లి, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఒకటి అప్పుడే రేవు వదిలితే, దాని మీద వాలింది. పంటు అంచున ఒక మోపెడ్, దాని మీద ఎండాకులు చుట్టిన అరటిగెలలు. పై గెల కాడలో నా ఎర తాలూకు ఆరు ముళ్లూ దిగాయి.

పంటు వెళ్తోంది. గూట్లోంచి దారం రాదు. డ్రాగ్ జారదు. రాడ్ వంగింది. కొసే వంగుతుందని చెప్పానే, మొదలంటా వంగింది.

"పడిందిరోయ్!" అని టీ బడ్డీ దగ్గర ఎవరో అరిచారు. అంతే, అంతర్వేది వెళ్లొస్తున్న భక్తులతో సహా రేవు రేవంతా గట్టు మీదకొచ్చేసింది. ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టి, "తొందరపడకండి బాబూ, దాన్ని కాసేపు అలవనివ్వండి" అన్నాడు.

"అది పంటండీ! అది అలవదు!"

నా మాట ఎవరికీ వినపడలేదు. రాడ్ వదిలేద్దామంటే 7,400. పోనీ 2,400 అయినా వదిలేవాణ్నేమో. దారం తెంపుదామంటే కత్తెర సంచిలో ఉంది, సంచి బావమరిది దగ్గరుంది, బావమరిది వీడియో తీస్తున్నాడు. పంటితో కొరికాను. ఆ దారాన్ని కొరకడం కన్నా మా జాడీ మూత కొరకడం సుఖం. మోకాళ్ల దాకా దిగాను. నడుం దాకా దిగాను. రీలు మునిగింది. పైనుంచి పంటు నడిపే సరంగు కాబోలు, "ఎవరయ్యా పంటుని లాగుతున్నదీ?" అన్నాడు. ఈ మాట వీడియోలో చాలా స్పష్టంగా రికార్డయింది.

అప్పుడు గెల కదిలింది. మోపెడాయన అటు తిరిగి బీడీ ముట్టిస్తున్నాడు. వెనకనుంచి ఎవరో చెయ్యేసి లాగినట్టు గెల మెల్లిగా పక్కకి ఒరిగి, ఒక్క క్షణం అంచు మీద ఆగి, దబ్బున గోదాట్లో పడింది. మునిగీ మునగకుండా తేలుతూ నావైపు తిరిగింది. రీలు తిరగదు కాబట్టి దారం చేత్తోనే లాగాను. బొటనవేలు తెగింది అక్కడే. గట్టెక్కించేసరికి చప్పట్లు. పెద్దాయన దగ్గరికొచ్చి గెలని ఓసారి తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాకు ఆ మౌనమే ఎక్కువ తగిలింది.

మోపెడాయన తరవాతి పంటుకి తిరిగొచ్చాడు. చాలా మర్యాదస్థుడు. "గెల మీరే ఉంచుకోండి, ఆయ్, డబ్బులిచ్చెయ్యండి చాలు" అని 400 తీసుకున్నాడు. పంటు ఛార్జీ కూడా కలిపే చెప్పాడట. అక్కడున్నవాళ్లలో ఎవరికీ అది ఎక్కువనిపించలేదు.

ఉప్పునీళ్లలో మునిగిన రీలుని ఆ పూటే మంచినీళ్లతో కడగాలి. పంపు ధారగా కొట్టకూడదు, ఉప్పు లోపలికి పోతుంది. పైపైన నీళ్లు చల్లి, తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. ఇసక కూడా పోయింది కాబట్టి నేను విప్పాను. బేరింగులకి ఒక్కో చుక్క నూనె, పళ్లచక్రాలకి కాస్త గ్రీజు, అంతా శాస్త్రప్రకారం చేశాను. ఒక స్ప్రింగు ఉంటుంది, చీమంత. అది టింగుమని లేచి ఎటో పోయింది. మంచం కింద, బీరువా కింద, గెల మీద గోనెపట్టా దులిపి కూడా వెతికాను. అది లేకుండా బిగిస్తే రీలు ఇప్పుడు రెండువైపులా తిరుగుతోంది. కుడిచెయ్యి, ఎడమచెయ్యి సమస్య ఆ విధంగా తీరింది.

ఇందాక బావమరిది ఫోన్ చేశాడు. వీడియో వాళ్ల ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాడట. "బావగారూ, వచ్చే ఆదివారం పంటు మీద కొబ్బరికాయల లోడు వెళ్తోందట, రాడ్ తెచ్చుకుంటారా?"

పెట్టేశాను.