కోళ్ల షెడ్డు పరదా దొరవారికి

దొరవారికి దండాలు.

దసరా దాటి గాలి కాస్త చల్లబడగానే తమరు షెడ్డును రెండు పక్కలా రేకుల దాకా మూసేసి నిలబడతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా సందు ఇవ్వరు. అన్ని నెలలూ మా వరంగల్ చుట్టుపక్కల కోళ్ల షెడ్లలో తమరి మాటే చెల్లుతుంది. షెడ్డు ఎవరిది, కోడిపిల్లలు ఏ కంపెనీవి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది అనేవన్నీ కాగితాల మీది సంగతులు. లోపలికి గాలి రావాలా వద్దా అన్నది తేల్చేది తమరే కనుక ఈ విన్నపం తమరికే రాసుకుంటున్నాను.

ఎండ లోపల పడకూడదని తూర్పు పడమరలుగా షెడ్డు కట్టించాం. అడుగెత్తు గోడ లేపి, పైన రేకుల దాకా ఇనుప జాలీ కొట్టించాం. గాలి ఇటునుంచి అటు పోవడానికే కదా బ్యాంకులో అప్పు తెచ్చి మరీ ఆ దారి పెట్టించింది! ఆ దారిని ఖాళీ దాణా సంచులు విప్పి కుట్టిన తమరితో మూసేశాం. తమరి పొట్ట మీద ఇప్పటికీ 'స్టార్టర్' (పిల్లలకు మొదట పెట్టే దాణా) అన్న అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. అది బయటి వైపు. లోపలి వైపు ఏ అక్షరమూ కనపడదు. దాణా పొడి, నేల మీద పరిచిన ఊక దుమ్ము, నూగు ఈకలు తేమకు అట్టకట్టి ఉంటాయి. వేలితో గీస్తే చాలు పేరు రాసుకోవచ్చు. గుడ్డకు పట్టింది ఇంత ఉంటే ఊపిరితిత్తులకు పట్టింది ఎంతో తమరే ఆలోచించాలి.

నాలుగు వారాల వయసున్న ఐదువేల కోళ్లు రోజుకు వెయ్యి లీటర్లకు పైనే నీళ్లు తాగుతాయి. అందులో చాలా భాగం ఊపిరితోనో రెట్టతోనో మళ్లీ షెడ్డులోకే వస్తుంది. తమరు సందు ఇవ్వకపోతే ఆ ఆవిరి ఎటు పోవాలి? పైకి పోయి చల్లని రేకులకు తగులుతుంది. తెల్లవారుజామున రేకుల అడుగున చుక్కలు కట్టి టపటపా ఊక మీద పడతాయి. డ్రింకర్లు కారుతున్నాయని పనిచేసే మనిషిని తిడతారు. తమరిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాటనరు.

ఆ తడి ఊకలోనే అమ్మోనియా పుడుతుంది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విరగ్గొడితే వచ్చే గ్యాస్ అది. వాటికి కావలసినవి తేమ, వెచ్చదనం. తమరి దయ వల్ల రెండింటికీ కొదవ లేదు. ఘాటు పోతుందని కొందరు తడి ఊక మీద సున్నం చల్లుతారు. సున్నం పడితే ఇంకా ఎక్కువ గ్యాస్ లేస్తుందని వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

షెడ్డులో అమ్మోనియా 25 పీపీఎం దాటకూడదంటారు. అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు. 50కి పోతే కళ్లు దెబ్బతింటాయి, ఎదుగుదల తగ్గుతుంది. కానీ పొద్దస్తమానం లోపలే తిరిగే మనిషి ముక్కు కొంతసేపటికి ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. కంపెనీ సూపర్‌వైజర్ బండి దిగి, లోపల అడుగు పెట్టగానే ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటాడు.

"గ్యాస్ గట్టిగున్నదే అన్నా."

"నాకేం వస్తలేదు సారూ."

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి ముక్కులూ నేలకు ఐదడుగుల ఎత్తున ఉన్నాయి, అంతే. గ్యాస్ పుట్టేది ఊకలో. పిల్ల ముక్కు ఊకకు రెండు మూడంగుళాల పైన. గొంతుక్కూర్చుని, తల వంచి ఒక్క నిమిషం ఊపిరి పీలిస్తే తెలుస్తుంది. అక్కడి నుంచి చూస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది: ఒక పిల్ల కన్ను మూసుకుని, ఆ కంటిని రెక్క భుజానికేసి రుద్దుకుంటూ ఉంటుంది. దానికి దాణా ఎదురుగానే ఉంటుంది, చూడ్డానికే ఓపిక ఉండదు.

కోడికి ఊపిరితిత్తులే కాక తొమ్మిది గాలి సంచులు ఉంటాయి. శ్వాసనాళంలో దుమ్మును బయటికి ఊడ్చే సన్నని నూగు ఉంటుంది. అమ్మోనియా ఆ నూగును పనికిరాకుండా చేస్తుంది. ఇక దుమ్ముతో పాటు ఈ-కోలై అనే సూక్ష్మజీవి కూడా నేరుగా లోపలికి దిగుతుంది. రాత్రి లైట్లు ఆపగానే షెడ్డంతా గుర్రుగుర్రుమని ఒకటే చప్పుడు. పొద్దున్నే నీళ్లలో మందు. ఆ మందు ఖర్చు బ్యాచ్ లెక్కలో పడుతుంది, లెక్క పెరిగితే కంపెనీ కిలోకు మాకిచ్చే పెంపకం చార్జీ తరుగుతుంది. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటి పెరగాల్సిన ఒంటికి ప్రాణవాయువు చాలక, గుండె అలసిపోయి, కొన్నిటికి పొట్టలో నీళ్లు చేరతాయి. కుంపట్లో కాల్చే బొగ్గుకు బిల్లుంది, మందుకు బిల్లుంది. గాలికి బిల్లు లేదు కనుక అది తగ్గిన సంగతి ఏ పుస్తకంలోనూ పడదు.

తమరి సేవను కాదనడం లేదు. మొదటి వారం పిల్లకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి, పౌష్యంలో మా పరకాల వైపు రాత్రులు ఎలా ఉంటాయో నాకూ తెలుసు. నా తగాదా తమరిని కట్టే పద్ధతితో. తమరిని పైన బిగించి, కింది నుంచి చుట్టి లేపుతారు. చలిగాలి సూటిగా పిల్లల మీదే కొడుతుంది. పిల్లలు గుంపు కట్టగానే "సలి పెడుతున్నది, పూర్తిగ మూయ్" అంటారు. తమరిని కింద బిగించి పైనుంచి దించితే చలిగాలి రేకుల కింద ఉన్న వేడిగాలితో కలిసి, తానూ వేడెక్కి, నెమ్మదిగా దిగుతుంది. గాలి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాదాపు రెట్టింపు ఆవిరిని మోయగలదు. అంటే తమరు శత్రువనుకునే ఆ పొద్దుటి చలిగాలే మా ఊకను ఆరబెట్టే కూలీ. దానికి కూలి డబ్బులు కూడా అక్కర్లేదు.

ఈసీ షెడ్లలో, అంటే లోపలి గాలినీ వేడినీ మిషన్లతో అదుపు చేసే మూత షెడ్లలో, తమరి మాట చెల్లదని విన్నాను. అక్కడ నడి చలికాలంలోనూ టైమర్ పెట్టి, కొన్ని నిమిషాలకోసారి కాసేపు ఫ్యాన్లు తిప్పుతారు. అంత పెట్టుబడి మా ఐదువేల కోళ్ల షెడ్డుకు ఎక్కడిది? మాకున్నది తమరూ, ఒక తాడూ. పైగా రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి మేడారం జాతర. ఆ రోజులకు అందాలని పెంచే బ్యాచ్ మొత్తం తమరి కొలువులోనే పెరగాలి.

ఈ బ్యాచ్‌కు రెండు వారాలు దాటాయి. తమరిని కింద బిగించాం, ఈ రాత్రి నుంచి తమరి పైఅంచు రెండు పక్కలా జానెడు కిందికి దించుతున్నాం. చలి మరీ ఎక్కువైతే ఇంకో కుంపటి పెడతాం గానీ సందు మూయం. మా బాపుకు ఇది బొత్తిగా నచ్చలేదు. నడిరాత్రి లేచి తమరిని మళ్లీ పైకి గుంజుతాడని, తాడు కొస తెచ్చి నా మంచం కోడుకు కట్టుకున్నాను.

ఇట్లు,
తమరి ఏలుబడిలోని ఐదువేల ప్రాణాల తరఫున,
ఒక రైతు కొడుకు