పేరే తప్పయితే లెక్క ఎవరిది?

చేప పేరు కాస్త అటూ ఇటూ అయితే వచ్చే నష్టమేమిటని అడిగేవారు ఇంకా ఉన్నారు. ఐరోపా సముద్రాల్లో ‘సాధారణ స్కేట్’కు పట్టిన గతి తెలిశాక కూడా ఈ ప్రశ్న వినవలసి రావడం మాకు ఆగ్రహం కలిగిస్తోంది. టేకు చేపకు దగ్గరి బంధువైన ఆ చేప నిజానికి రెండు జాతులు. ఒకటి రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చాలా ఆలస్యంగా ఈడుకు వస్తుంది. రెండోది చిన్నది, దానికంటే ముందే గుడ్లు పెడుతుంది. 1926లో రెండింటినీ ఒకే పేరులో కలిపేశారు. 2010 నాటికి జన్యు పరీక్షలు, శరీర నిర్మాణ పరిశీలన కలిసి ఆ పొరపాటును బయటపెట్టాయి. అప్పటిదాకా, ఎనిమిది దశాబ్దాలకు పైగా, రేవుల్లో రెండూ ఒకే పద్దులో జమయ్యాయి. పెద్ద చేప తరిగిపోతుంటే ఆ పద్దులో దాని లోటు విడిగా కనిపించే దారే లేదు.

చేప జాతిని తేల్చే సాధనం లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్క చదివి జాతిని గుర్తించవచ్చని కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం 2003లోనే ప్రతిపాదించింది. తల, తోలు, రెక్కలు తీసేసిన ముక్కకూ, కంటికి ఒకేలా కనిపించే గుడ్లకూ ఆ పరీక్ష పనికొస్తుంది. అమెరికాలో సముద్ర పరిరక్షణకు పనిచేసే ఒషియానా సంస్థ 1,215 చేప నమూనాలను పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించింది. మూడో వంతుకు తప్పుడు పేర్లున్నాయి. స్నాపర్ అనే చేప పేరుతో అమ్మినవాటిలో 87 శాతానికి పేరు తప్పే.

ఖర్చవుతుందని, ఒక్క జన్యువు అన్నిటినీ తేల్చలేదని అభ్యంతరాలున్నాయి. రెండోది నిజమే. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి సంకర చేప తండ్రి జాతి అందులో కనిపించదు. ట్యూనాల్లో కొన్ని జాతులు మరీ దగ్గరివి కావడంతో ఆ ముక్క తడబడుతుంది. అలాంటి చోట తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏలోని గుర్తులను కూడా చూడాలి. ఒక పరీక్ష చాలలేదని మొత్తం కంటిచూపుకే వదిలేయడం ఏం న్యాయం?

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ రెండు నాల్కల ధోరణే. ఎంత చేప పట్టవచ్చో చెప్పే కోటాను జాతి పేరిట రాస్తారు. నిషేధం జాతి పేరిట విధిస్తారు. జరిమానా కూడా జాతి పేరిటే. తీరా చేప రేవుకు వచ్చాక అది ఆ జాతేనా అని మాత్రం చూడరు. బుట్ట మీద ఎవరో రాసిన పేరునే పద్దులోకి ఎక్కిస్తారు. ఆ పద్దునే మరుసటి ఏడాది ‘శాస్త్రీయ అంచనా’ పేరుతో ముందుకు తెస్తారు. శాస్త్రం పేరు వాడుకోవడానికి లేని మొహమాటం శాస్త్రం చెప్పిన పరీక్ష చేయించడానికి ఎందుకు?

ఇకపై కోటా పత్రంపై సంతకం చేసే అధికారులు ఆ జాతిని ఏ పరీక్షతో నిర్ధారించారో, ఎన్ని నమూనాలు చూశారో అంకె పక్కనే రాయాలి. అది రాయలేనివారు ఆ అంకెను శాస్త్రీయమని పిలిచే సాహసం చేయకూడదు.